పికప్ బండి నీటి పంపు: అరుగుదల గుర్తులు, మార్చు విధానము

పంట పండించుట ఒక ఎత్తు, దానిని చెడిపోకుండ మార్కెట్టుకు చేర్చుట మరియొక ఎత్తు. ఒకప్పుడు ఈ రెండవ పనిని ఎడ్లబండి చేసినది. నేడు కూరగాయలు, మామిడి, మిరప, పాలు, పశువుల మేత, ఎరువు బస్తాలు చాల వరకు పికప్ బండ్ల మీదనే కదలుచున్నవి. 2005లో టాటా ఏస్ బండి వచ్చిన తరువాత చిన్న సరుకు బండ్లు పల్లెలలో బాగుగా వ్యాపించినవి. కొత్త బండిని కొను రైతులు ఉన్నారు. లక్ష, లక్షన్నర కిలోమీటర్లు నడిచిన పాత బండిని కొని వాడుకొను రైతులును అనేకులు కలరు.

పాత బండి కొనునపుడు రైతు టైర్లు చూచును, ఇంజను శబ్దము వినును, పొగ రంగు గమనించును, కాగితములు సరిచూచుకొనును. ఇంజను ముందు భాగమున బెల్టు వెనుక దాగియుండు నీటి పంపును చూచువారు మాత్రము తక్కువ. అది చిన్న భాగము. ఇంజను ఖరీదుతో పోల్చినచో దాని ఖరీదు చాల స్వల్పము. అయినను అది పనిచేయుట మానిన కొద్ది నిమిషములలోనే ఇంజను ఉడికిపోవును. మే నెల మధ్యాహ్నము 50 క్రేట్ల టమాటాతో బండి ఘాటు రోడ్డు మలుపులో ఆగినదనుకొందము. ఆనాటి సరుకు మెత్తబడును, మార్కెట్టు వేళ దాటిపోవును. ఆపైన ఇంజను హెడ్డు వంగినచో ఆ పంట రాబడిలో పెద్ద భాగము మెకానిక్కు షెడ్డుకు పోవును.

ఈ నష్టమును తప్పించుకొనుట కష్టము కాదు. నీటి పంపు ముందుగా చెప్పకుండ చెడుట అరుదు. ఎద్దు అడుగు తేడాగా వేసిన నాడే రైతు దాని గిట్టను ఎత్తి చూచును. అది పడుకొనువరకు ఆగడు. ఆ చూపునే బండి మీదను నిలిపినచో చాలును. పంపు ఏ పని చేయును, ఎందుచేత అరుగును, అరిగినట్లు ఎట్లు తెలియును, ఎప్పుడు, ఎట్లు మార్చవలెను అను విషయములు ఈ వ్యాసమున వివరింపబడినవి.

పంపు చేయు పని

ఇంజనులో మండిన డీజిలు వలన పుట్టు శక్తిలో సుమారు మూడవ వంతు మాత్రమే బండిని నడుపుటకు ఉపయోగపడును. సుమారు మరియొక మూడవ వంతు వేడి రూపమున పొగగొట్టము ద్వారా పోవును. మిగిలిన వేడిలో అధిక భాగమును ఇంజను చుట్టును తిరుగు నీరే మోసికొనిపోయి రేడియేటరులో గాలికి విడువవలెను.

పాత ఆయిల్ ఇంజన్లను ఎరిగిన పెద్దలకు వాటి ప్రక్కన నిలిపిన నీటి డ్రమ్ము జ్ఞాపకముండును. వేడి నీరు తేలికయై పైకి పోవుట వలన, చల్లని నీరు బరువుగా క్రిందికి దిగుట వలన, ఆ నీరు తనంతట తానే తిరిగెడిది. నిదానముగా నడచు ఆ ఇంజన్లకు అది చాలినది. పికప్ ఇంజను అట్టిది కాదు. బరువుతో నడచునపుడు అది నిమిషమునకు రెండు మూడు వేల చుట్లు తిరుగును. చిన్న చోటులో పెద్ద వేడి పుట్టును. కావున నీటిని బలవంతముగా త్రిప్పుటకు పంపు కావలసివచ్చినది.

ఈ పంపు మన బావి గట్టున ఉండు సెంట్రిఫ్యూగల్ పంపు వంటిదే. రెండింటిలోను రెక్కల చక్రము, అనగా ఇంపెల్లరు ఉన్నది. దానిని మోయు షాఫ్టు ఉన్నది. షాఫ్టును నిలుపు బేరింగు ఉన్నది. బావి పంపును కరెంటు మోటారు త్రిప్పును, బండి పంపును ఇంజను తన బెల్టుతో త్రిప్పును. ముఖ్యమైన తేడా ఒక్కటి కలదు. బావి పంపులో షాఫ్టు వెంబడి నీరు కారకుండ గ్లాండులో తాడు చుట్టుదురు. అది కొద్దిగా చినుకుట సహజము. ఎక్కువైనపుడు నట్టు బిగించి సరిచేయుదురు. బండి పంపులో తాడు లేదు, బిగించుటకు నట్టును లేదు. దాని బదులు ఒకదానినొకటి ఆనుకొని తిరుగు రెండు నున్నని బిళ్లలు గల సీలు ఉన్నది. ఆ బిళ్లల నడుమ కంటికి కనబడనంత పలుచని నీటి పొర ఉండి ఒరపిడిని తగ్గించును. నీరు లేకుండ తిరిగినచో ఆ బిళ్లలు మాడి గీతలు పడును. బావిలో నీరు తగ్గి పంపు ఖాళీగా తిరిగినపుడు కలుగు నష్టమే ఇక్కడను కలుగును.

సీలుకు, బేరింగుకు నడుమ పంపు అడుగున ఒక చిన్న రంధ్రము ఉండును. మెకానిక్కులు దీనిని వీప్ హోల్ అందురు. సీలును దాటి వచ్చిన నీరు బేరింగులోనికి పోక బయటకు కారిపోవుటకే దీనిని ఉంచినారు. పంపు లోపలి స్థితిని బయటకు తెలుపు కిటికీ ఇదియే. అచ్చట తడి కనబడినదని కొందరు బంకతోనో సబ్బుతోనో ఆ రంధ్రమును మూయుచున్నారు. ఇది చాల తప్పు. కారుచున్న నీరు ఆగదు. బేరింగులో చేరి గ్రీజును కడిగివేయును. వారములు పనిచేయవలసిన పంపు రోజులలో పట్టివేయును.

పంపుతోపాటు మరి రెండు భాగములను గుర్తుంచుకొనవలెను. ఒకటి థర్మోస్టాటు. ఇంజను వేడెక్కువరకు ఇది నీటిని రేడియేటరునకు పోనీయదు. అనేక ఇంజన్లలో సుమారు 82 నుండి 88 డిగ్రీల సెంటీగ్రేడు మధ్య తెరచుకొనును. రెండవది రేడియేటరు మూత. ఇది ప్రెషరు కుక్కరు మూత వంటిది. చదరపు సెంటీమీటరుకు సుమారు 1 కిలో అధిక ఒత్తిడిని నిలిపినచో, లోపలి నీరు 100 డిగ్రీలకు మరుగక సుమారు 120 డిగ్రీల వరకు నిలుచును. మూత రబ్బరు ఎండి పగిలినచో ఈ లాభము పోవును.

పంపు ఎందుచేత అరుగును?

ముందుగా పంపు ఎంత పని చేయునో ఒక చిన్న లెక్క వేయుదము. బండి సగటున గంటకు 40 కిలోమీటర్లు నడచినదనుకొందము. లక్ష కిలోమీటర్లకు 2,500 గంటలు పట్టును. ఇంజను నిమిషమునకు 2,500 చుట్లు తిరిగినచో, ఆ గంటలలో మొత్తము 37 కోట్ల 50 లక్షల చుట్లు అగును. పంపు ఇంచుమించుగా అన్ని చుట్లును తిరుగును. రైతు బండి విషయమున మీటరు చూపు కిలోమీటర్లు పూర్తి లెక్క కాదు. పొలము బాటలో రెండవ గేరులో నడచునపుడు, మార్కెట్టు యార్డు ముందు వరుసలో ఇంజను ఆపకుండ నిలిచియుండునపుడు, కిలోమీటర్లు తక్కువ, చుట్లు ఎక్కువ. కావున మీటరు 90 వేలు చూపినను పంపు అంతకు మించి ముసలిదై ఉండవచ్చును.

ఇట్లు కాలక్రమమున వచ్చు అరుగుదల తప్పనిది. దీనికి తోడు మన చేతులారా కలిగించు నష్టములు కొన్ని కలవు.

మొదటిది బోరు నీరు. రేడియేటరులో నీరు తగ్గినదని పొలములోని బోరు నీటిని పట్టి పోయుట మన ప్రాంతములలో పరిపాటి. బోరు నీరు కాచిన గిన్నె అడుగున తెల్లని పెచ్చు కట్టుట ప్రతి ఇల్లాలికిని తెలిసినదే. ఇంజను లోపలను ఆ సున్నపు పెచ్చే కట్టును. అది వేడిని నీటిలోనికి పోనీయదు. రేడియేటరు సన్నని గొట్టములను మూసివేయును. రాలిన పలుకులు సీలు బిళ్లల నడుమ చేరి ఇసుక కాగితము వలె గీయును. ఉప్పు నీరైనచో అల్యూమినియము భాగములను తినివేయును.

రెండవది కూలెంటును పట్టించుకొనకపోవుట. కూలెంటు అనునది రంగు నీరు కాదు. అది సాధారణముగా ఇథిలీన్ గ్లైకాల్ అను ద్రవము, తుప్పును ఆపు మందులు, శుద్ధమైన నీరు కలిసిన మిశ్రమము. చలి దేశములలో అది నీరు గడ్డకట్టకుండ కాపాడును. మనకు గడ్డకట్టు బాధ లేదు గనుక కూలెంటు అనవసరమని కొందరు అనుకొందురు. మన ఎండలకు అది మరుగు వేడిమిని పెంచును, లోహములను తుప్పు నుండి కాపాడును. ఇవి రెండును మనకు అవసరమే. తుప్పును ఆపు మందులు కాలము గడచిన కొలది ఖర్చయిపోవును. రంగు మిగిలియున్నను గుణము మిగులదు.

మూడవది బెల్టు బిగింపు. బెల్టు వదులైనచో జారి కీచుమనును, పంపు నిదానముగా తిరుగును. ఆ కీచు శబ్దమును మాన్పుటకు కొందరు బెల్టును వీణ తీగ వలె బిగింతురు. అపుడు షాఫ్టు ఒక ప్రక్కకు లాగబడి బేరింగు త్వరగా అరిగిపోవును. అనేక డీజిలు బండ్లలో గాలి ఫ్యాను కూడ పంపు షాఫ్టు మీదనే ఉండును. దాని రెక్క ఒకటి విరిగినను, వంగినను, తిరుగునపుడు అదురు పుట్టి బేరింగును దెబ్బతీయును. రెక్క విరిగినపుడు ఫ్యానును మార్చవలెనే గాని ఎదుటి రెక్కను కోసి సరిచేయరాదు.

నాలుగవది నీటి మట్టము తగ్గుట. మట్టము తగ్గినచో, లేక మూత ఒత్తిడిని నిలుపనిచో, ఇంపెల్లరు రెక్కల వెనుక ఆవిరి బుడగలు పుట్టి పగులుచుండును. ఒక్కొక్క బుడగ దెబ్బ సూక్ష్మమైనదే. కాని లక్షల దెబ్బలకు లోహము మీద చెదలు తిన్నట్లు గుంటలు పడును. కొన్నాళ్లకు రెక్కలు చిక్కిపోయి, పంపు తిరుగుచునే ఉన్నను చాలినంత నీటిని నెట్టలేదు.

అరుగుదలను తెలుపు గుర్తులు

ఈ పరీక్షలను తెల్లవారుజామున, ఇంజను చల్లగా ఉన్నపుడు, తాళము తీసి చేయవలెను. వీటికి పనిముట్లు అవసరము లేదు.

బండి నిలిపిన చోట ముందు భాగము క్రింద తడి ఉన్నదేమో చూడవలెను. ఏ.సి. గల బండి నుండి కారునది రంగు, వాసన లేని నీరు. కూలెంటునకు రంగు, జిగట, తీయని వాసన ఉండును. రాత్రి ఒక పాత అట్టముక్కను క్రింద పరచినచో ఉదయమున మరక స్పష్టముగా తెలియును.

తరువాత లైటు వేసి వీప్ హోల్ చుట్టును చూడవలెను. పచ్చని, ఎఱ్ఱని లేక తుప్పు రంగు చార గాని, ఎండిన తెల్లని పొడి గాని ఉన్నచో సీలు అరుగుట మొదలైనదని అర్థము. వేడి ఇంజను మీద పడిన నీరు వెంటనే ఆవిరియగును. అందుచేత తడి లేకున్నను చార ఉన్నచో దానిని నమ్మవలెను.

పిమ్మట ఫ్యానును, లేక పంపు పుల్లీని రెండు ప్రక్కల పట్టుకొని ముందుకు వెనుకకు, ప్రక్కలకు కదిల్చి చూడవలెను. చేతికి ఆట తెలిసినచో బేరింగు అరిగినది. బెల్టును తీసి పుల్లీని చేతితో త్రిప్పినపుడు తిరుగలిలో రాయి పడినట్లు గరగర తెలిసినను అంతే.

ఇంజను నడచుచుండగా ముందు భాగమున మూలుగు వంటి శబ్దము వచ్చి, వేగముతోపాటు పెరుగుట మరియొక గుర్తు. దానిని వినుటకు చేయిగాని, తువ్వాలుగాని, చీర కొంగుగాని బెల్టు దగ్గరకు పోనీయరాదు. నడచు బెల్టు వ్రేళ్లను తెంపును.

వేడిమి ముల్లు మాట కూడ వినవలెను. మామూలుగా నిలుచు చోటి కంటె ముల్లు కొద్దిగా పైకి పోయి, బరువు ఎక్కినపుడు ఇంకను పోయి, ఇంజను వేగము తగ్గించిన తరువాతనే దిగుచున్నచో పరీక్ష చేయించవలెను. కూలెంటు డబ్బాలో మట్టము వారము వారము తగ్గుచున్నచో, ఎచ్చటనో కారుచున్నదనియే అర్థము. నీరు పోసి మూత పెట్టుట దానికి మందు కాదు.

తప్పు పంపుదేనా?

బండి వేడెక్కిన ప్రతిసారియు పంపును మార్చుట డబ్బు దండుగ. ముందుగా చవుకైన కారణములను తొలగించవలెను. రేడియేటరు రెక్కల నడుమ వరి పొట్టు, ప్రత్తి పీచు, పురుగులు, ఎఱ్ఱదుమ్ము పేరుకొని గాలిని ఆపుచుండవచ్చును. ఇంజను వైపు నుండి ముందుకు సన్నని నీటి ధారతో కడుగవలెను. హోసులు మెత్తబడినవా, పగిలినవా చూడవలెను. క్లిప్పులు, మూత రబ్బరు, బెల్టు పరీక్షించవలెను. ఇంజను వేడెక్కినను రేడియేటరు పై హోసు చల్లగానే ఉన్నచో థర్మోస్టాటు తెరచుకొనుట లేదని అనుమానింపవచ్చును.

నూనె కొలకర్రకు పాలవంటి నురుగు అంటినను, రేడియేటరులో ఎడతెగని బుడగలు వచ్చుచున్నను, పొగగొట్టము నుండి ఇంజను వేడెక్కిన తరువాత కూడ తెల్లని ఆవిరి పోవుచున్నను హెడ్డు గ్యాస్కెట్టు పోయి ఉండవచ్చును. అట్టి బండికి పంపు మార్చిన లాభము లేదు.

తోవలో వేడెక్కినచో

శ్రీశైలము ఆనకట్ట నుండి ఈగలపెంట, దోమలపెంట వైపు ఎక్కు ఘాటు వంటి చోట్ల పంపు బలహీనత బయటపడును. బండి వేగము తక్కువ, ఇంజను పని ఎక్కువ, రేడియేటరునకు తగులు గాలి తక్కువ. ముల్లు ఎఱ్ఱ గీతను సమీపించినచో ఏ.సి. ఉన్నయెడల ఆపి, దారి ప్రక్కన సురక్షితమైన చోట బండిని నిలుపవలెను. ఆవిరి వచ్చుచున్నను, బెల్టు తెగినను, ముల్లు ఎఱ్ఱ గీతను చేరినను వెంటనే ఇంజనును ఆర్పవలెను.

వేడి ఇంజను మీద రేడియేటరు మూతను ఎంతమాత్రము తీయరాదు. మూత తీయగానే ఒత్తిడి పోయి, లోపలి నీరు ఒక్కసారిగా మరిగి ముఖము మీదికి చిమ్మును. ఈ తొందర వలన ముఖము, చేతులు కాలి ఆసుపత్రి పాలైనవారు కలరు. కనీసము అరగంట ఆగి, పై హోసు చేతికి చల్లగా తగిలిన తరువాత, మందమైన గుడ్డ వేసి, ముఖము ప్రక్కకు త్రిప్పి, మూతను కొద్దికొద్దిగా తీయవలెను. కాలిన ఇంజనులో చల్లని నీరు గ్రుమ్మరించుట కూడ తప్పు, హెడ్డు పగులవచ్చును.

మరియొక సంగతి చాలమందికి తెలియదు. నీరు పూర్తిగా కారిపోయినచో ముల్లు పైకి పోవుటకు బదులు క్రిందికి దిగవచ్చును. వేడిమిని కొలుచు మీట నీటిలో మునిగి ఉన్నపుడే నిజము చెప్పును. ముల్లు దిగినదని సంతోషించి నడిపినవారు ఇంజనును పోగొట్టుకొందురు.

పంపు చెడినదని తేలినచో, పది కిలోమీటర్లకొకసారి నీరు పోసికొనుచు పోవుదమను ఆలోచనను మానుకొనవలెను. సరుకును మరియొక బండికి మార్చి, ఈ బండిని లాగించుకొని పోవలెను. ఆ కిరాయి ఇంజను బాగుకు అయ్యెడి ఖర్చులో చిన్న భాగము మాత్రమే. గోటితో పోవుదానికి గొడ్డలి వరకు తెచ్చుకొనరాదు.

ఎప్పుడు మార్చవలెను?

బండితో వచ్చిన పుస్తకములో గడువు ఉన్నచో దానిని పాటించవలెను. లక్ష కిలోమీటర్లు దాటిన బండికి, పాత పంపును ఎప్పుడు మార్చినదియు తెలియనిచో, ఏ చిన్న గుర్తు కనబడినను ఆలస్యము చేయరాదు. కొన్ని ఇంజన్లలో పంపును టైమింగు బెల్టే త్రిప్పును. అట్టి వాటిలో టైమింగు బెల్టు మార్చునపుడే పంపును కూడ మార్చుట మంచిది. రెండింటికిని విప్పు పని ఒకటియే గనుక కూలి కలిసివచ్చును.

కాలమును కూడ రైతు తానే ఎన్నుకొనవచ్చును. సంక్రాంతి పనులు ముగిసిన తరువాత, ఎండలు ముదురుటకును మామిడి కోతలు మొదలగుటకును ముందు, బండిని ఒక రోజు షెడ్డులో విడిచినచో సీజను అంతయు నిశ్చింతగా నడచును. సీజను నడుమ పంపు తానుగా ఎన్నుకొను రోజు మనకు అనుకూలమైన రోజు కాదు.

మార్చు విధానము

టైమింగు బెల్టుతో నడచు పంపును నేర్పరియైన మెకానిక్కు చేతనే మార్పించవలెను. గుర్తులు ఒక పన్ను తప్పినను ఇంజను వాల్వులు వంగవచ్చును. బయటి బెల్టుతో నడచు పంపును స్పానరు పట్టుట తెలిసినవారు మార్చుకొనగలరు. మెకానిక్కు చేయునపుడు కూడ ఈ వరుస తెలిసియున్నచో పని సరిగా జరిగినదో లేదో రైతు చూచుకొనవచ్చును.

1. ఇంజను పూర్తిగా చల్లబడిన తరువాత బ్యాటరీ నెగటివు తీగను విప్పవలెను. శుభ్రమైన వెడల్పు పాత్రను పెట్టి రేడియేటరు అడుగు మర విప్పి కూలెంటును పట్టవలెను.

2. బెల్టు ఏ పుల్లీ మీదుగా ఎట్లు పోయినదో కాగితము మీద గీసికొని దానిని తీయవలెను. ఫ్యానును విప్పవలెను. కొన్ని బండ్లలో ఫ్యాను నట్టు ఎడమ మర కలిగియుండును; విప్పుటకు ముందు తెలిసికొననిచో బలము పెట్టిన కొలది బిగియును.

3. పంపు బోల్టులు అన్నియు ఒకే పొడవు ఉండవు. అట్టముక్క మీద పంపు ఆకారము గీసి, రంధ్రములు పొడిచి, తీసిన బోల్టును తీసినట్లు దాని స్థానమున గ్రుచ్చవలెను. పొట్టి రంధ్రములో పొడుగు బోల్టు బిగించినచో లోహము పగులును.

4. క్రొత్త పంపును పాతదాని ప్రక్కన పెట్టి బోల్టు రంధ్రములు, పుల్లీ లోతు, ఇంపెల్లరు కొలత, రెక్కలు వంగిన దిక్కు సరిపోల్చవలెను. పైకి ఒకటిగా కనబడు పంపులు లోపల వేరుగా ఉండవచ్చును. నమ్మకమైన దుకాణములో బిల్లుతో కొనవలెను.

5. ఇంజను మీద అంటిన పాత గ్యాస్కెట్టును కఱ్ఱ బద్దతో గాని ప్లాస్టిక్కు బద్దతో గాని గీకి తీయవలెను. ఇనుప ఉలి వాడినచో అల్యూమినియము మీద గీతలు పడి క్రొత్త గ్యాస్కెట్టు కూడ కారును. తుప్పు నీరు వచ్చినచో, తెల్లని నీరు వచ్చువరకు ఇంజనును, రేడియేటరును కడుగవలెను.

6. క్రొత్త గ్యాస్కెట్టు వేసి, బోల్టులను ముందు చేతితో ఎక్కించి, తరువాత ఎదురెదురుగా కొద్దికొద్దిగా, పుస్తకములో చెప్పిన కొలతకు టార్కు రెంచితో బిగించవలెను. గ్యాస్కెట్టు బంక ఎక్కువ పూయుట మంచిది కాదు. లోపలికి పొంగిన బంక ఊడి రేడియేటరు గొట్టములలో చిక్కును.

7. బెల్టు పగుళ్లు చూపుచున్నచో క్రొత్తది వేయవలెను. మెత్తబడిన హోసులను, అనుమానమున్న థర్మోస్టాటును, మూతను ఈ అదనుననే మార్చవలెను. బెల్టు బిగింపు పుస్తకములో చెప్పినట్లు ఉండవలెను.

8. బండి తయారీదారు చెప్పిన రకపు కూలెంటునే పోయవలెను. చిక్కని కూలెంటు కొన్నచో సీసా మీద చెప్పిన పాళ్లలో, సాధారణముగా సగము సగముగా, డిస్టిల్డ్ వాటరు కలుపవలెను. కలిపియే అమ్ము కూలెంటులో మరల నీరు కలుపరాదు. రెండు రకముల కూలెంట్లను కలుపుట మంచిది కాదు.

9. లోపల గాలి మిగిలినచో నీరు సరిగా తిరుగదు. చల్లని ఇంజనుకు మూత తీసి ఉంచి, గాలి విడుచు మర ఉన్నచో వదులు చేసి, నిదానముగా నింపవలెను. ఇంజనును నడిపి, పై హోసు వేడెక్కి బుడగలు ఆగువరకు మట్టమును నింపుచు, పిమ్మట మూత వేయవలెను. మరునాటి ఉదయమున మట్టమును మరల చూడవలెను.

క్రొత్త పంపు వీప్ హోల్ నుండి మొదటి కొద్ది నిమిషములలో ఒకటి రెండు చుక్కలు రావచ్చును. సీలు బిళ్లలు కుదురుకొనుటకు ఆ సమయము పట్టును. తరువాతను కారుచున్నచో ఆ పంపును తిరిగి ఇచ్చివేయవలెను.

పాత కూలెంటుతో జాగ్రత్త

తీసిన కూలెంటును పెరటిలోగాని, కాలువలోగాని, పశువుల కుడితి తొట్టి దగ్గరగాని పారబోయరాదు. ఇథిలీన్ గ్లైకాల్ తీయగా ఉండును. కాని అది విషము. తీపికి ఆశపడి కుక్కలు, దూడలు నాకును. పిల్లలు శీతల పానీయమని భ్రమపడుదురు. దానిని మంచినీటి సీసాలలో, పానీయముల సీసాలలో దాచుట ప్రాణాపాయము. మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసి, పేరు వ్రాసి, పిల్లలకు అందని చోట ఉంచి, సర్వీసు షెడ్డువారికి అప్పగించవలెను. ఎవరైనను త్రాగినచో బాధ కనబడువరకు ఆగక వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

రైతు చేతిలో ఉన్న పని

ప్రతిదినము బయలుదేరుటకు ముందు కూలెంటు మట్టము, బండి క్రింది నేల చూచుట. వారమునకొకసారి వీప్ హోల్, బెల్టు, ఫ్యాను చూచి, పుల్లీని కదిల్చి చూచుట. గడువు ప్రకారము కూలెంటును మార్చి, మార్చిన తేదీని, కిలోమీటర్లను బండిలోని నోటు పుస్తకములో వ్రాసికొనుట. బండిలో ఒక డబ్బా కలిపిన కూలెంటు, ఒక బెల్టు, టార్చిలైటు ఉంచుకొనుట. కూలెంటు దొరకక తప్పనిసరియైనచో ఊరి ఆర్.ఓ. ప్లాంటు నీటిని పోసి గమ్యము చేరి, పిదప కూలెంటును సరిచేయించవచ్చును. బోరు నీరు మాత్రము వలదు.

ఈ పనులకు దినమునకు ఐదు నిమిషములు చాలును. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొను అవసరము ఉండదు. ఆరుగాలము కష్టపడి పండించిన సరుకు, చిన్న పంపు చెడుట వలన నడిదారిలో వాడిపోక, వేళకు మార్కెట్టు చేరును.